తగ్గిపోయిన దాహం: రొమ్ము క్యాన్సర్ పిట్యూటరీకి (మెదడు కింద ఉండే చిన్న గ్రంథికి) పాకిన ఒక కేసు

పేషెంటు 58 ఏళ్ల ఆవిడ. ఇల్లు గాజువాక దగ్గర, భర్త రిటైరయ్యారు, కూతురు పెళ్లయి మద్దిలపాలెంలో ఉంటుంది. (గుర్తుపట్టే వివరాలు మార్చాను, మిగతాది రాయడానికి కుటుంబం ఒప్పుకుంది.) నాలుగేళ్ల కిందట ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయింది, తర్వాత కీమో, రేడియేషన్, ఆపైన ఈస్ట్రోజెన్ తగ్గించే లెట్రోజోల్ మాత్రలు. హార్మోన్ రిసెప్టర్లు పాజిటివ్, హెర్2 నెగెటివ్, అంటే హార్మోన్‌ని అడ్డుకునే మందులు పనిచేసే రకం. ఏడాది కిందట వెన్నుపూసలకి పాకిందని తేలినప్పటి నుంచి క్యాన్సర్‌కి ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్లు, పాల్బోసిక్లిబ్ మాత్రలు, ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ నడుస్తున్నాయి.

నా దగ్గరికి పంపింది రక్తంలో సోడియం బాగా తక్కువగా, 122 వచ్చిందని. అప్పటికి రెండు నెలలుగా నీరసం, తిండి సయించకపోవడం, పొద్దున్నే వాంతులు, పగలంతా మగత. "ఏటి పెట్టినా సయించట్లేదండి, రెండు ముద్దలు తిని కక్కేస్తంది" అన్నారు భర్త. చుట్టాలంతా క్యాన్సర్ నీరసమే అన్నారు. వేరేచోట చూపిస్తే క్యాన్సర్ వల్ల ఏడీహెచ్ (మూత్రం తగ్గించి ఒంట్లో నీటిని ఆపే హార్మోన్) ఎక్కువై సోడియం పడిపోయిందని చెప్పి, నీళ్లు రోజుకి లీటరుకి తగ్గించమని, ఉప్పు ఎక్కువ తినమని పంపించారు. క్యాన్సర్ పేషెంట్లలో అలా జరగడం నిజమే, అరుదేమీ కాదు. కాకపోతే ఆ మాట అనడానికి ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే, బీపీని నిలబెట్టే హార్మోన్), థైరాయిడ్ రెండూ బాగున్నాయని చూసుకోవాలి. ఆ రెండు పరీక్షలూ ఆవిడ ఫైల్లో ఎక్కడా లేవు.

నేను రాయాలనుకున్నది మాత్రం ఆ సోడియం గురించి కాదు, అంతకు ముందు జరిగిన దాని గురించి. ఎండాకాలంలో ఎలా ఉండేదని అడిగితే కూతురు చెప్పింది: "మేలో అమ్మ తెగ నీళ్లు తాగేది సార్, రాత్రి ఐదారుసార్లు బాత్రూమ్‌కి లేచేది. షుగరేమోనని టెస్ట్ చేయించాం, నార్మల్ వచ్చింది. జులై వచ్చేసరికి దానంతటదే తగ్గిపోయింది." విశాఖలో మే నెల ఉక్కపోతకి ఎవరు మాత్రం నీళ్లు తాగరు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు, తగ్గాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ మంచం మీద పడుకునే ఇంకో మాట కలిపింది. "కుండ నీళ్లు నచ్చేవి కాదు బాబూ, ఫ్రిజ్జులోవే కావాలనిపించేది, అయి కూడా బాగా సల్లగా ఉంటేనే."

ఈ రెండు మాటలూ నాకు చాలా పెద్ద ఆధారాలు. షుగర్ లేకుండా ఒక్కసారిగా మొదలయ్యే దాహం, రాత్రి నిద్ర పాడుచేసే మూత్రం, ఐస్ లాంటి నీళ్ల మీదకే మనసు పోవడం, ఇవన్నీ డయాబెటిస్ ఇన్సిపిడస్ (షుగర్‌తో సంబంధం లేని అతిమూత్రం జబ్బు) వైపు చూపిస్తాయి. ఇది పిట్యూటరీ వైపు లోపం వల్ల వస్తే 2022 నుంచి వాసోప్రెసిన్ లోపం అని పిలవమంటున్నారు. వాసోప్రెసిన్ అంటే పైన చెప్పిన ఏడీహెచ్చే, పిట్యూటరీ వెనక భాగం నుంచి విడుదలవుతుంది. క్యాన్సర్ ఉన్నవాళ్లలో ముందుగా చూడాల్సింది కాల్షియం, ఎందుకంటే ఎముకలకి పాకినప్పుడు అది పెరిగి ఇలాంటి అతిమూత్రమే వస్తుంది. ఆవిడకి మేలో చేసిన రిపోర్టులో కాల్షియం 9.2. షుగర్ కాదు, కాల్షియం కాదు. మరి జులైలో ఎందుకు తగ్గింది? వాసోప్రెసిన్ లోపం దానంతటది తగ్గితే సంతోషించే ముందు అడగాల్సిన ప్రశ్న, కార్టిసాల్ కూడా పడిపోయిందా అని. ఒంట్లో కార్టిసాల్ లేకపోతే కిడ్నీ అదనపు నీటిని బయటికి పంపలేదు, మిగిలిన కాస్త వాసోప్రెసిన్ కూడా ఎక్కువగా విడుదలవుతుంది, మూత్రం తగ్గుతుంది, బయటికి జబ్బు నయమైనట్టే కనిపిస్తుంది. అంటే ఆ జులైలో ఆవిడకి తగ్గిందేమీ లేదు, మొదటి లోపాన్ని రెండో లోపం కప్పేసింది. నీరసం, వాంతులు మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

పరీక్ష చేసి చూస్తే పడుకున్నప్పుడు బీపీ 94/60, లేపి నిలబెడితే 76/50, కళ్లు తిరిగి మంచం పట్టుకుంది. గ్లూకోజు 64. ఒంటి రంగు నల్లబడలేదు, చిగుళ్లు మామూలుగానే ఉన్నాయి, పొటాషియం 4.1. ఇది ముఖ్యం, ఎందుకంటే క్యాన్సర్ నేరుగా అడ్రినల్ గ్రంథులకి పాకినా కార్టిసాల్ పడిపోతుంది, కానీ అప్పుడు పొటాషియం పెరుగుతుంది, రోజులు గడిస్తే చర్మం నల్లబడుతుంది. ఇక్కడ అవి లేవు, కాబట్టి లోపం అడ్రినల్‌లో కాదు, దానికి ఆజ్ఞ ఇచ్చే పైగ్రంథిలో, అంటే పిట్యూటరీలో.

కన్ను సంగతి ఆవిడ చెప్పలేదు, కూతురే చెప్పింది. టీవీ చూసేటప్పుడు అమ్మ ఎడమ కన్ను చేత్తో మూసుకుంటోందట. ఫోన్ చూసేటప్పుడు మాత్రం రెండు కళ్లూ తెరిచే ఉంచుతుందట. దూరంగా ఉన్నది రెండుగా, దగ్గరున్నది ఒకటిగా కనిపిస్తే కన్నుని బయటి పక్కకి తిప్పే ఆరో నరం మీద అనుమానం రావాలి. ఎడమవైపు చూడమంటే ఎడమ కన్ను మధ్య దాటి పూర్తిగా పక్కకి పోలేదు. ఆ నరం పిట్యూటరీ పక్కనే ఉండే కావెర్నస్ సైనస్ (సిరల రక్తం నిండిన అర) గుండా వెళుతుంది. ఎంఆర్ఐ తీయకముందే గడ్డ ఎక్కడుందో ఆ కన్ను చెప్పేసింది.

ఇంకొక్క అనుమానం తీర్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర కార్టిసాల్ తక్కువ వచ్చిన ప్రతి పేషెంటునీ స్టెరాయిడ్ల గురించి గట్టిగా అడగాలి. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్, మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే పొట్లం మాత్రలు, ఇవన్నీ పిట్యూటరీని నిద్రపుచ్చుతాయి. ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ సంచిలో వేసి తెమ్మన్నాను, తెచ్చారు, ఒక్కొక్కటీ చూశాను. స్టెరాయిడ్ లేదు. వాంతులకి వాడుతున్న డోంపెరిడోన్ ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇమ్యునోథెరపీ ఎప్పుడూ తీసుకోలేదు కాబట్టి ఆ మందుల వల్ల పిట్యూటరీ వాచే అవకాశం కూడా లేదు.

రక్తం తీసుకుని, ఏసీటీహెచ్ (అడ్రినల్‌కి ఆజ్ఞ ఇచ్చే పిట్యూటరీ హార్మోన్) ట్యూబు ఐసులో పెట్టి పంపించి, రిపోర్టు కోసం ఆగకుండా కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాం. ఆగకూడదు కూడా. రాత్రికి వచ్చిన రిపోర్టులు ఇవి: కార్టిసాల్ 2.1 (ఇంత జబ్బులో, ఇంత బీపీతో ఉన్న మనిషికి ఇరవై దగ్గరో ఆపైనో ఉండాలి), ఏసీటీహెచ్ 8 (కార్టిసాల్ ఇంత పడిపోతే ఇది బాగా పెరగాలి), థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 తక్కువగా 0.5, థైరాయిడ్‌ని నడిపించే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్ 1.9. ఆ టీఎస్‌హెచ్ చూడండి. అదొక్కటే చేయించి ఉంటే థైరాయిడ్ నార్మల్ అని రాసేవారు. పిట్యూటరీ పాడైనప్పుడు టీఎస్‌హెచ్ పెరగదు, పెంచాల్సిన గ్రంథే పాడైంది కదా. ఫ్రీ టీ4 చేయిస్తేనే తెలుస్తుంది.

ఇంకో పరీక్ష గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లలో ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాల్ని నడిపించే పిట్యూటరీ హార్మోన్) బాగా ఎక్కువగా ఉండాలి, 25 దాటడం మామూలు. ఫుల్వెస్ట్రాంట్ వాడుతున్నంత మాత్రాన అది తగ్గదు. ఈవిడకి 2.1, దాని జంట హార్మోన్ ఎల్‌హెచ్ 0.4. పిట్యూటరీ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి 50 దాటిన ఆడవాళ్లలో ఇంత సులువైన దారి ఇంకోటి లేదు. తీవ్రమైన జబ్బులో ఎఫ్ఎస్‌హెచ్ కొంత తగ్గుతుంది కాబట్టి అదొక్కటే చూసి తేల్చెయ్యకూడదు, కానీ మిగతావాటితో కలిపి చూస్తే సందేహం ఉండదు. ఈస్ట్రడయోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్) పరీక్ష మాత్రం చేయించలేదు, ఎందుకంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఫుల్వెస్ట్రాంట్ మందే లేని ఈస్ట్రడయోల్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. పాలు పడేలా చేసే పిట్యూటరీ హార్మోన్ ప్రొలాక్టిన్ ఎక్కువగా, 62 వచ్చింది. పిట్యూటరీని మెదడుకి కలిపే కాడ నొక్కుకుపోతే ఈ మాత్రం పెరుగుతుంది, డోంపెరిడోన్ వాడినా పెరుగుతుంది, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక అసలు టెన్షన్ ఆ రాత్రే. కార్టిసాల్ లేనివాళ్లకి స్టెరాయిడ్ ఇవ్వగానే అప్పటిదాకా ఇరుక్కుపోయిన నీరంతా ఒక్కసారి బయటికి వస్తుంది. సోడియం చాలా రోజులుగా తక్కువగా ఉన్న మనిషికి అది వేగంగా పెరిగితే మెదడులో నరాల పొర దెబ్బతింటుంది, మాట పడిపోవచ్చు, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. రోజుకి 8 పాయింట్లు దాటనివ్వకూడదన్నది మేం పెట్టుకున్న హద్దు. ఈవిడకి వెనకాల డయాబెటిస్ ఇన్సిపిడస్ కాచుకుని ఉందని అనుమానం ఉంది కాబట్టి నాలుగు గంటలకోసారి సోడియం, గంటగంటకీ మూత్రం కొలిచి రాయమని నర్సులకి చెప్పాం. అర్ధరాత్రి దాటాక గంటకి 400 మిల్లీలీటర్లు రావడం మొదలైంది, మూత్రం నీళ్లలా ఉంది, దాని ఆస్మలాలిటీ (చిక్కదనం కొలత) చేరినప్పుడు 290 ఉన్నది 96కి పడింది. తెల్లవారేసరికి సోడియం 129. ఇంకా 24 గంటలు నిండలేదు, 7 పాయింట్లు అప్పుడే ఎక్కేసింది. వాసోప్రెసిన్‌లా పనిచేసే మందు డెస్మోప్రెసిన్ 1 మైక్రోగ్రాము ఇంజెక్షన్ ఇచ్చి ఆపాం. అక్కడి నుంచి నెమ్మదిగా మర్నాటికి 134, ఆ తర్వాతి రోజు 139.

ఈలోగా మనిషి మారిపోయింది. రెండో రోజు పొద్దున్నే ఇడ్లీ అడిగింది. రెండు నెలలుగా తిండి మొహం చూడని మనిషి ఇడ్లీ అడిగితే భర్తకి నోట మాట రాలేదు. బీపీ 118/74, మగత పోయింది. ఇదంతా కొన్ని మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ పని. నేను ఈ కేసు రాయడానికి కారణం కూడా ఇదే. క్యాన్సర్ పాకిందంటే ఇక చేసేదేముందని చేతులు ముడుచుకుంటాం. కానీ ఆ నీరసంలో ఎంత భాగం క్యాన్సర్‌ది, ఎంత భాగం హార్మోన్ లోపానిది అని విడదీసి చూస్తే, రెండో భాగానికి మన దగ్గర మందుంది, అది రోజుల్లోనే పనిచేస్తుంది.

అయితే మొదటి రాత్రి వచ్చిన అతిమూత్రంతోనే డయాబెటిస్ ఇన్సిపిడస్ అని తేల్చలేం. ఇరుక్కున్న నీరు పోయేటప్పుడు ఎవరికైనా అలాగే వస్తుంది. తేలింది నాలుగో రోజు. ఎంఆర్ఐకి కాంట్రాస్ట్ ఇవ్వాలి కాబట్టి ముందు ఏమీ తాగొద్దన్నారు, పైగా మిషన్ దగ్గర ఆలస్యమైంది. తిరిగి వార్డుకి వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోయి, "ఒక్క గుక్క ఇయ్యండమ్మా" అని ఆయమ్మని బతిమాలుతోంది. వెంటనే చూస్తే సోడియం 149, రక్తం ఆస్మలాలిటీ 309, మూత్రం మాత్రం 142. రక్తం అంత చిక్కబడినా మూత్రం పలచగానే పోతోందంటే ఇంక నీళ్లు ఆపి చేసే పరీక్ష అక్కర్లేదు, చేయకూడదు కూడా. నీళ్లు తాగించి డెస్మోప్రెసిన్ ఇచ్చాం, రెండు గంటల్లో మూత్రం 466కి చిక్కబడింది. కిడ్నీ బాగుంది, లోపం వాసోప్రెసిన్‌దే.

ఎంఆర్ఐలో పిట్యూటరీ ఎముక గూటిలో ఒక గడ్డ, పైకి కాడ మీదుగా పాకింది, మధ్యలో పొర దగ్గర నొక్కుకుని డంబెల్ ఆకారంలో ఉంది. పిట్యూటరీ వెనక భాగంలో తెల్లగా మెరవాల్సిన చుక్క లేదు. ఎడమ కావెర్నస్ సైనస్‌లోకి చొరబడింది. చూపు నరాల కూడలిని తాకింది కానీ నొక్కట్లేదు, చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ బాగానే వచ్చింది. ఎముక గూడు మాత్రం పెద్దదవలేదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే మామూలు అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అయితే గూటిని సాగదీసేది. అడినోమాలు చాలామందిలో ఉంటాయి, క్యాన్సర్ ఉన్నవాళ్లలో కూడా యాదృచ్ఛికంగా ఉంటాయి, కాబట్టి పిట్యూటరీలో కనిపించిన ప్రతిదీ క్యాన్సర్ పాకడమే అనుకోకూడదు. కానీ అడినోమా ఆపరేషన్‌కి ముందు డయాబెటిస్ ఇన్సిపిడస్ తెప్పించడం బాగా అరుదు. దాహం, కంటి నరం, కొద్ది నెలల్లోనే ఇంత మార్పు, ఈ మూడూ కలిస్తే పాకిందనే అనుకోవాలి.

క్యాన్సర్ ఎందుకు పిట్యూటరీలో వాసోప్రెసిన్ విడుదల చేసే వెనక భాగానికే మొదట పాకుతుందంటే రక్తం వచ్చే దారి వల్ల. వెనక భాగానికి మెయిన్ పైపు నుంచి నేరుగా కుళాయి ఉన్నట్టు ధమనుల రక్తం సూటిగా వస్తుంది. ఏసీటీహెచ్, టీఎస్‌హెచ్ తయారుచేసే ముందు భాగానికి చాలావరకు హైపోథాలమస్‌లో (పిట్యూటరీకి పైన ఉండే మెదడు భాగం) ఒకసారి తిరిగి, కాడ వెంట దిగే చిన్న సిరల గుండా వస్తుంది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు నేరుగా వచ్చే చోటే ఎక్కువ దిగుతాయి. అందుకే మొదట దాహం, తర్వాత పక్కకి పాకాక కార్టిసాల్, థైరాయిడ్ లోపాలు, ఈవిడ విషయంలో అచ్చం అదే వరస. ఇలా పాకే క్యాన్సర్లలో రొమ్ము, ఊపిరితిత్తులు రెండే సగానికి పైగా ఉంటాయి. చాలామందిలో లక్షణాలే ఉండవు. 1950ల్లో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కి హార్మోన్లు తగ్గించడం కోసం పిట్యూటరీనే తీసేసేవారు, అలా తీసిన గ్రంథుల్ని మైక్రోస్కోపులో చూస్తే చెప్పుకోదగ్గంత మందిలో క్యాన్సర్ కణాలు కనిపించాయి.

బయాప్సీ గురించి ఆంకాలజిస్టు, న్యూరోసర్జన్, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. మన దేశంలో టీబీ కూడా పిట్యూటరీ కాడని లావు చేస్తుంది, ఆ ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి. ఛాతీ సీటీ బాగుంది, పెట్ స్కాన్‌లో ఎముకల మచ్చలు పెరుగుతున్నాయి, అంటే మందు పట్టు తప్పింది. అలాంటప్పుడు ముక్కు గుండా వెళ్లి ముక్క తీసి కొత్తగా తెలుసుకునేది లేదనుకున్నాం. పిట్యూటరీ ఒక్కటే ఉండి, మిగతా ఒళ్లంతా ప్రశాంతంగా ఉంటే నేను బయాప్సీకే ఓటేసేవాణ్ణి. రేడియేషన్ 5 విడతల్లో మొత్తం 25 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారు, చూపు నరం ఆనుకుని ఉంది కాబట్టి ఒకేసారి ఇవ్వలేదు. క్యాన్సర్ మందు మార్చారు.

థైరాయిడ్ లోపానికి థైరాక్సిన్ మాత్ర స్టెరాయిడ్ మొదలైన తర్వాతే ఇచ్చాం. ఈ వరస తిరగబడితే ప్రాణం మీదకి వస్తుంది. థైరాక్సిన్ ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్‌ని వేగంగా కరిగించేస్తుంది, అవసరాన్ని పెంచుతుంది, బీపీ కుప్పకూలుతుంది. ఫ్రీ టీ4 తక్కువ చూడగానే చెయ్యి థైరాక్సిన్ రాయడానికి పోతుంది, ముందు కార్టిసాల్ చూసుకోవాలి.

ఇంటికి పంపేటప్పుడు పొద్దున 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్. విశాఖలో పెద్ద షాపుల్లో దొరుకుతుంది, ఊళ్లలో దొరకదు, అందుకే నెలకి సరిపడా ముందే కొని పెట్టుకోమన్నాను. డెస్మోప్రెసిన్ స్ప్రే రాత్రి పడుకునే ముందు ఒక్కసారి. దీనితో పాటు ఇంట్లోవాళ్లకి నేను ఎక్కువసేపు చెప్పింది నీళ్ల గురించి. నీళ్లు ఎంత తాగితే అంత మంచిదని మనవాళ్లకి గట్టి నమ్మకం, చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ అదే చెబుతారు. డెస్మోప్రెసిన్ మీద ఉన్న మనిషి దాహం లేకుండా లీటర్లు తాగితే ఆ నీళ్లు బయటికి పోవు, సోడియం మళ్లీ 120కి వస్తుంది, ఫిట్స్ వస్తాయి. దాహమేస్తేనే తాగాలి. సాయంత్రం పూట ఒకసారి మూత్రం పలచగా, ఎక్కువగా వచ్చాకే రాత్రి స్ప్రే కొట్టాలి. రోజూ పొద్దున్నే బరువు చూడాలి, ఒకట్రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే స్ప్రే ఆపి ఫోన్ చేయాలి. కూతురు క్యాలెండర్ మీదే రోజూ బరువు రాసేది, చెకప్‌కి ఆ క్యాలెండరే చుట్టి తెచ్చేది.

జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, వాంతులైతే మాత్ర పనికిరాదు కాబట్టి 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తొడ కండకి. భర్తకి నేర్పించాం, నారింజపండు మీద పొడిచి ప్రాక్టీసు చేశారు. దసరాకి అనకాపల్లిలో చుట్టాలింట్లో ఉండగా విరేచనాలు, వాంతులు పట్టుకున్నాయి. ఆయన ఇంజెక్షన్ చేసి, అప్పుడు ఫోన్ చేశారు. ఆస్పత్రికి చేరేసరికి బీపీ 110. ఆ ఇంజెక్షన్ లేకపోతే ఆ దారిలోనే చెయ్యి దాటిపోయేది.

మధ్యలో ఒకచోట టీఎస్‌హెచ్ 0.05 చూసి థైరాక్సిన్ డోసు ఎక్కువైందని సగానికి తగ్గించారు. నెలకి మళ్లీ మగత, మలబద్ధకం. ఫ్రీ టీ4 చేయిస్తే 0.6. అప్పటి నుంచి ఆవిడ పర్సులో ఉండే ఉత్తరంలో ఒక వాక్యం కలిపాను: "టీఎస్‌హెచ్ చూసి డోసు మార్చవద్దు, ఫ్రీ టీ4 చూడండి." పైన పెద్ద అక్షరాలతో "అత్యవసరమైతే ముందు హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇవ్వండి, డెస్మోప్రెసిన్ రాయడం మరిచిపోవద్దు" అని తెలుగులో, ఇంగ్లిషులో ఉంటుంది. ఆస్పత్రిలో చేరినప్పుడు డయాబెటిస్ అన్న మాట చూసి మామూలు షుగర్ అనుకుని డెస్మోప్రెసిన్ రాయడం మరిచిపోవడం ఎక్కడైనా జరిగేదే.

రేడియేషన్ అయిన మూడు నెలలకి ఎంఆర్ఐలో గడ్డ చిన్నదైంది, కన్ను పూర్తిగా పక్కకి తిరుగుతోంది, టీవీ ఒకటిగా కనిపిస్తోంది. హార్మోన్లు మాత్రం తిరిగి రాలేదు, ఇలాంటి కేసుల్లో సాధారణంగా రావు. ఆ మాట ముందే చెప్పాను. ఎముకల మచ్చలు కొత్త మందుకి ప్రస్తుతానికి ఆగి ఉన్నాయి.

పోయినసారి వచ్చినప్పుడు సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లొచ్చా అని అడిగింది, జబ్బు రాకముందు ఏటా నడిచేదట. వెన్నుపూసలు ఇలా ఉండగా 32 కిలోమీటర్లు కుదరదని చెప్పాను. వేరే రోజు చూసుకుని బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోమన్నాను. ఆ పొద్దున హైడ్రోకార్టిసోన్ 5 మిల్లీగ్రాములు అదనంగా వేసుకోవాలి, క్యూలో దాహమేస్తే తాగడానికి నీళ్ల బాటిల్, ఇంజెక్షన్ కిట్ భర్త సంచిలో ఉండాలి, రాత్రి స్ప్రే టైముకి ఇంటికి చేరుకోవాలి. సరేనంది, వారం మధ్యలో రద్దీ తక్కువుండే రోజు కూతురు చూస్తోంది.